మడతలోపలి రంగు

రాయి కొనడానికి వచ్చేవాళ్ళు మొట్టమొదట అడిగేది ఒకటే. "అన్నీ ఇదే రంగులో వస్తాయా?" రావు. ఇన్నేళ్ళలో ఎవరికీ రాలేదు, ఇకముందూ రావు. రాయిని భూమిలోంచి కోసుకొస్తారు గానీ అచ్చు గుద్దరు. ఒకే క్వారీలో, ఒకే పొరలో, పక్కపక్కన కోసిన రెండు పలకలు కూడా ఒక కడుపున పుట్టిన పిల్లల్లా పోలికలు ఉంటూనే వేరుగా ఉంటాయి. ఈ మాట రోజూ చెబుతాను. అందరూ బుద్ధిగా తలాడిస్తారు. లోడు ఇంటిముందు దిగగానే ఫోన్ చేసి నా మీద ఒంటికాలిమీద లేస్తారు.

"మీ కొట్లో చూసింది నీలంగా ఉంది. ఇందులో కొన్ని బూడిదరంగు, కొన్ని పచ్చగా ఉన్నాయేంటండీ?"

"మీ ఇంట్లో అందరూ ఒకే రంగులో ఉన్నారా?" అంటాను. అవతల ఫోన్ పెట్టేస్తారు.

కొట్టు మా నాన్నది. కొడుకులుండగా కూతురికి ఎందుకిచ్చావని ఎవరో అడిగితే, "వాళ్ళకి దుమ్ము పడదు, దీనికి మనుషులు పడరు, అందుకని రాళ్ళ మధ్య కూర్చోబెట్టాను" అన్నాడట. అందరూ నన్ను బండక్క అంటారు. బండలు అమ్ముతానని అంటారో, బండగా మాట్లాడతానని అంటారో నేనెప్పుడూ ఆరా తీయలేదు.

రాయి చూసుకోవడానికి ఒక పద్ధతుంది. శాంపిల్ ముక్క చూసి మురిసిపోకూడదు, మొత్తం వరస చూడాలి. నీళ్ళు చల్లి తడిరంగు చూడాలి, ఆరాక పొడిరంగు చూడాలి. అదీ షెడ్డులో కాదు, బయట వెలుగులో. పరిచేటప్పుడు ఒకే వరసలోంచి తీసి పరుచుకుంటూ పోకూడదు. నాలుగైదు వరసల్లోంచి కలగలిపి తీసి, సిమెంటు ముట్టుకోకముందే నేలమీద ఉత్తినే పేర్చి, దూరంగా నిలబడి చూసుకోవాలి. అప్పుడు ముదురూ లేతా ఒకదానిలో ఒకటి సర్దుకుని నేలంతా ఒక్కటిగా కనబడుతుంది. ఇక ఆఖరిది, కొన్ని రాళ్ళు మిగుల్చుకుని ఇంట్లో ఓ మూల దాచుకోవాలి. రేపెప్పుడైనా ఒకటి పగిలితే అవే దిక్కు. ఈ ఆఖరిది మాత్రం ఎవరూ చెయ్యరు.

దర్జీ కూడా చెయ్యలేదు.

అతను మొదటిసారి వచ్చినప్పుడు నేను ఎవరితోనో కీచులాటలో ఉన్నాను. సన్నగా, కాస్త వంగిన భుజాలతో, మెడలో టేపు వేసుకునే వచ్చాడు. నా అరుపులు అయ్యేదాకా ఓపిగ్గా నిలబడి, "ఒక్క రాయి కావాలండీ," అన్నాడు.

"ఒక్కటేం చేసుకుంటావు?"

"మా ఇంట్లో ఒకటి పాడైంది. దాని జత కావాలి." జేబులోంచి ఒక పొట్లం తీసి విప్పాడు. అందులో మూడు దారపు పోగులున్నాయి, ఒకటి ముదురు బూడిద, ఒకటి లేత నీలం, ఒకటి మట్టిరంగు. మూడూ కలిపి పురి పెట్టి ఉన్నాయి. "సరిగ్గా ఈ రంగండీ. మా నేలమీద పెట్టి చూసుకునే పేనాను."

నాకు నవ్వు ఆగలేదు. "నాయనా, ఇది చీరకి జాకెట్టు గుడ్డ కాదు, మ్యాచింగ్ వెతుక్కోడానికి. ఎప్పుడు పరిపించారు మీ నేల?"

"పాప పుట్టిన ఏడాది. మీ నాన్నగారి దగ్గరే కొన్నాం."

"అయితే ఆశ వదులుకో. ఆ క్వారీలో ఆ పొర ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడొచ్చేదాని పేరు అదే, రాయి వేరు. మిగిలిన రాళ్ళేం చేశారు?"

"పెరట్లో బట్టలుతికే చోట వేసుకున్నామండీ. ఎండకీ సబ్బుకీ తెల్లబడిపోయాయి."

అందరూ అదే చేస్తారు. నేను చేతులెత్తేసి లోపలికి పోయాను. అతను మాత్రం పోలేదు. వరసల మధ్య తిరుగుతూ, ఒక్కో రాయినీ ఎత్తి, రోడ్డుమీది వెలుగులోకి మోసుకెళ్ళి, పక్కన దారం పెట్టి చూసి, మళ్ళీ తెచ్చి ఎక్కడిదక్కడ పెట్టాడు. మర్నాడు వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. రాయి మోసే ఒళ్ళు కాదది. ఆయాసపడుతూనే మోసేవాడు. కొత్త లోడు దిగిందంటే చాలు, ఎవరు చెప్పేవారో గానీ, టేపు మెడలోనే వేసుకుని ప్రత్యక్షమయ్యేవాడు.

ఒకరోజు నా ఓపిక చచ్చింది. కొనేవాళ్ళ ముందే నోరు పారేసుకున్నాను. "ఏం కొంపలు మునిగాయయ్యా ఒక్క రాయికి? దానిమీద చాప వెయ్యి, కుర్చీ వెయ్యి, ఏదో ఒకటి కప్పెయ్యి! నా ప్రాణం తియ్యకు!"

అతను చేతిలోని రాయిని నెమ్మదిగా దించాడు. "చాప వేశానండీ. చాప వేస్తే కింద ఏముందో ఇంకా బాగా తెలుస్తోంది."

అప్పుడు చెప్పాడు. గొంతు పెంచకుండా, కొలతలు చదివినట్టు చెప్పాడు. ఇంటి ముందుగదిలో అతని మిషను. దాని వెనక హాలు. హాల్లో అటక. అటకమీద కత్తిరించగా మిగిలిన ముక్కగుడ్డల మూట. కూతురికి పదేళ్ళు, బొమ్మకి గౌను కుట్టాలని దానికి సరదా. వాళ్ళమ్మ స్టూలు పట్టుకుంది, పిల్ల ఎక్కింది. వంటింట్లో పాలు పొంగుతున్న వాసన వచ్చింది. "కదలకు, ఇప్పుడే వస్తా" అని తల్లి వెళ్ళింది. మూట పిల్ల కంటే బరువుగా ఉండి ఉంటుంది. అతను మిషను ఆపి లోపలికి వచ్చేసరికి పిల్ల రాయిమీద ఉంది.

"రక్తం ఎక్కువేం లేదండీ," అన్నాడు. "తడిగుడ్డతో తుడిస్తే పోయేదే. పోయింది కూడా. కానీ మా ఆవిడకి కనబడుతూనే ఉంది. పాపని సాగనంపి అందరూ వెళ్ళిపోయాక బాత్రూం యాసిడ్ తెచ్చి, బ్రష్షు పెట్టి, పొద్దున మొదలుపెట్టి సాయంత్రందాకా రుద్దింది. ఆపబోతే నా చెయ్యి కొరికింది. ఆ యాసిడ్‌కి రాయి కాలిపోయింది. ఇప్పుడు అందరికీ కనబడుతుంది."

ఆమె పుట్టింటికి, అన్నగారి దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్తూ ఒక్క మాట అందట. ఆ మచ్చ తన కంటపడకుండా చేస్తేనే ఆ గుమ్మం తొక్కుతానని.

"అన్నీ మాట్లాడి చూశానండీ. రానంటుంది. రాయి ఒక్కటే నా చేతిలో ఉంది," అన్నాడు.

నాకు సిగ్గేసింది, ఆ సిగ్గు కోపంగా మారింది, ఆ కోపం ఎవరిమీద చూపించాలో తెలియక ఎదురుగా ఉన్న కొనుగోలుదారుని "మీకేం కావాలి, తొందరగా చెప్పండి" అని కసిరాను. దర్జీని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. ఏం మాట్లాడాలో తోచక, బట్ట చిరిగితే ఏం చేస్తావు, అక్కడ జత రంగు ఎలా దొరుకుతుంది అని అడిగాను.

"బయట వెతకమండీ. ఎంత వెతికినా దొరకదు. ఆ బట్టలోంచే తీస్తాం. అంచు మడత విప్పి, లోపలినుంచి పోగులు లాగి, వాటితో రఫూ చేస్తాం. అదే నేత, అదే రంగు కదా. చిరుగు ఎక్కడుందో కట్టుకున్నవాళ్ళకి కూడా తెలియదు."

చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. నేనూ అతని మొహంలోకి చూశాను.

"మీ ఇంట్లో బీరువా ఉందా?" అన్నాను.

మర్నాడు మా కొట్టు రాళ్ళు పరిచే సణుగుడు మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్ళాను. పనిమంతుడే గానీ అతనికి లోకంలో ఏదీ నచ్చదు. టీ చల్లారిందని, వీధి ఇరుకని, ఒక్క రాయికి రెండు మెట్లెక్కడమేమిటని దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాడు. హాల్లోకి వచ్చి ఆ రాయి చూశాక నోరు మూశాడు.

మిగతా నేల చూడగానే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. ముదురు రాయి పక్కన లేతది, పచ్చజాడ పక్కన నీలం, ఎక్కడా రెండు ఒకేలాంటివి కలవకుండా దగ్గరుండి పేర్పించిన నేల. పైగా పదేళ్ళ అడుగులు, తడిగుడ్డలు పడి నూనె రాసినట్టు నిగ్గు తేలింది. దాని మధ్యలో, అటక కింద, ఆ ఒక్క రాయి సున్నం ఒలికినట్టు తెల్లగా, గరుకుగా ఉంది. బ్రష్షు తిరిగిన గుండ్రాలు కూడా కనబడుతున్నాయి. ఒకచోట గుండ్రాలు మరీ చిన్నవిగా, మరీ లోతుగా ఉన్నాయి. నేను అటు చూడటం మానేశాను.

"పగలకుండా తీయండి," అన్నాడు దర్జీ.

"పారేసేదానికి పగిలితేనేం?" అన్నాను.

"పగలగొట్టొద్దండీ," అన్నాడు మళ్ళీ.

మేస్త్రీ వేలి కణుపుతో తట్టి చూశాడు. డొల్లగా మోగింది. కింద ఇసుక ఎక్కువ, సిమెంటు తక్కువ. సందులు కోసి, అంచున ఇనపపట్టీ దూర్చి, ఎక్కడా పెచ్చు లేవకుండా లేపాడు. పడకగదిలో బీరువా జరిపించాం. దాని కింద కూడా అలాంటి రాయే ఉంది, మా నాన్న కలిపిన లోడులోదే. దాన్ని లేపి హాల్లోకి, హాల్లోది బీరువా కిందికి. బీరువా మళ్ళీ మీదికి జరిపేటప్పుడు దర్జీ మొహం అటు తిప్పుకున్నాడు.

మేస్త్రీ సందులు పూడ్చి, తడిగుడ్డతో తుడిచాడు. ఆరాక ముగ్గురం నిలబడి చూశాం. పొరలో తేడా లేదు, చారలో తేడా లేదు. కానీ రాయి పాలిపోయి ఉంది. చుట్టూ ఉన్నవి కాళ్ళూ, తడీ తిని ముదిరాయి. ఇది బీరువా కింద పదేళ్ళు చీకట్లో పడుకుని కొట్లోంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

ముందు దర్జీకే తట్టింది. "మడతలోపలి రంగు," అన్నాడు. "లోపలి పోగు వెలిసిపోదు కదండీ. పాతబట్టకి రఫూ చేస్తే మొదట్లో తెలుస్తుంది. అది మర్చిపోయాను."

అతని మొహం వాడిపోయింది. అందుకే మామూలు కంటే గట్టిగా అరిచాను. "దీనికి బెంబేలు పడతావేంటి? ఇది అదే రాయి. దీనిమీద ఇంతవరకూ ఎవరూ నడవలేదు, అంతే తేడా. నడవండి. రోజూ తడిగుడ్డ పెట్టండి, నువ్వు నడు, ఆమె నడవనీ, వచ్చేపోయేవాళ్ళని నడవనీ. ఏడాది తిరక్కుండా మిగతావాటిలో కలిసిపోతుంది. నడవకపోతే మాత్రం ఎప్పటికీ ఇలాగే ఉంటుంది. అర్థమైందా?"

బుద్ధిగా తలాడించాడు.

కొన్నాళ్ళకి కొట్టుకి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "మా ఆవిడ వచ్చేసిందక్కా," అని చెప్పి వెళ్ళిపోయాడు. అప్పటిదాకా నన్ను అక్కా అనలేదు. ఆ రోజంతా నేను ఎవరినీ కసరలేదు. ఆ తర్వాత చాలామందికి ఈ సంగతి గొప్పగా చెప్పాను కూడా, బయట వెతక్కండి, బీరువా కింద చూడండి అని.

ఏడాది దాటాక ఆ వీధిలోనే ఎవరింటికో వంటగట్టు కొలతకి వెళ్ళాను. ఎలాగూ వచ్చాను కదా, నా చేతి పనితనం ఎలా ఉందో చూసుకుందామని దర్జీ ఇంటికి వెళ్ళాను. అతను మిషను మీద ఉన్నాడు. నన్ను చూసి లేచి, "లోపల ఉంది, వెళ్ళక్కా," అన్నాడు.

హాల్లో గోడవారగా కూర్చుని ఆమె చొక్కాలకి గుండీలు కుడుతోంది. బలమైన చేతులు, పలచబడిన జుట్టు. లేచి కుర్చీ వేసింది. నేను కూర్చోకుండా నేల చూశాను.

రాయి కలవలేదు. కలవకపోగా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతోంది. చుట్టూ ఉన్నవి ఈ ఏడాదిలో ఇంకాస్త నున్నబడ్డాయి. ఇది ఆ రోజు తుడిచినప్పుడు ఎంత పాలిపోయి ఉందో అంతే ఉంది. ముందుగది నుంచి వంటింటికి వెళ్ళే నిగనిగలాడే జాడ తిన్నగా వచ్చి, ఆ రాయి దగ్గర పక్కకి వంగి, దాన్ని చుట్టి, మళ్ళీ తిన్నగా వెళ్ళింది. ఇంతలో దర్జీ మంచినీళ్ళకని లోపలికి వచ్చాడు. మాట్లాడుతూనే, కిందికి చూడనైనా చూడకుండా ఆ వంపు తిరిగి వెళ్ళాడు. గ్లాసుతో తిరిగి వచ్చేటప్పుడూ అంతే.

అతను మిషను దగ్గరికి పోయాక నాకు ఒళ్ళు మండింది. "ఏమ్మా, నేను చెప్పింది మీ ఆయన చెప్పలేదా?"

"చెప్పారు."

"మరి?"

"రోజూ తుడుస్తానక్కా. తొక్కను."

"తుడిస్తే ఏం లాభం? తొక్కాలి! ఇది అది కాదు. అది పోయింది. ఇది బీరువా కింది రాయి, దీనికి ఏ పాపమూ తెలియదు."

"నాకు తెలుసు," అంది. సూది గుడ్డకి గుచ్చి పక్కన పెట్టింది. "మచ్చ ఉన్నప్పుడు మచ్చని చూసేదాన్ని. ఇప్పుడు మచ్చ లేని చోటు చూస్తున్నాను. ఏది ఉన్నా, అది పడింది ఇక్కడే కదక్కా."

"అదంతా మనసులో పెట్టుకోవడం. రెండుసార్లు నడిస్తే పోతుంది."

"అయితే మీరు నడవండి."

ఇదేం పెద్ద పనా అనుకున్నాను. చిన్నప్పటినుంచి రాళ్ళమీద నడిచినదాన్ని. రాళ్ళ వరసలెక్కి పరిగెత్తినదాన్ని. చెప్పులు గుమ్మం దగ్గరే విప్పాను, వట్టి కాళ్ళే. వంటింటి వైపు విసవిసా నడిచాను. నాలుగు అడుగులు వేశాను, ఐదోది వేశాను, వంటింటి గుమ్మం పట్టుకుని వెనక్కి తిరిగాను. ఆమె నా పాదాల వైపే చూస్తోంది. నేనూ చూసుకున్నాను. ఆ జాడ ఎక్కడ వంగిందో నేనూ అక్కడే వంగాను.

ఆమె నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

"ఆయన నన్ను ఒక్క మాట అనరక్కా," అంది. "ఒక్కసారే అన్నారు. ఆస్పత్రి వరండాలో. 'స్టూలు ఎందుకు వదిలావు?' అని. అంతే, మళ్ళీ ఎప్పుడూ అనలేదు. కానీ ఆయన దీన్ని తప్పించుకుని నడిచిన ప్రతిసారీ నాకు ఆ మాటే వినబడుతుంది. రోజుకి ఎన్నిసార్లు నడుస్తారో మీకు తెలుసు కదా, మిషను ముందు, వంటిల్లు వెనక."

"అతను తొక్కితే నువ్వు తొక్కుతావా?"

"ఏమో. తొక్కుతానేమో."

నేను ఊరుకునే మనిషినైతే ఊరుకునేదాన్ని. తిన్నగా ముందుగదిలోకి వెళ్ళి మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపాను. "నువ్వెందుకు పక్కనుంచి నడుస్తున్నావు?"

"ఆమె కోసమే అక్కా," అన్నాడు తెల్లబోయి. "నేను తొక్కితే నాకేం బాధ లేదనుకుంటుంది కదా."

"తిక్క సన్నాసీ, నువ్వు తొక్కనప్పుడల్లా ఆమెని నువ్వు తిడుతున్నట్టుంది." ఆమె చెప్పిన మాటలన్నీ అతనికి అప్పజెప్పాను. ఆస్పత్రి వరండా మాట చెప్పేసరికి అతను రెండు చేతులూ మిషను మీద పెట్టి, వాటి మీద నుదురు ఆనించాడు. ఆ మాట అన్నట్టు అతనికి గుర్తే లేదు.

"ఇవాళే నడు," అని చెప్పి వచ్చేశాను. దారిలో నాకు తేలిగ్గా కూడా అనిపించింది. మనుషులు రాళ్ళలాంటివాళ్ళే, ఏది ఏ పక్కన పెట్టాలో తెలిస్తే కలుస్తారని ఏదో అనుకున్నాను. నా తెలివి నా రాళ్ళ దగ్గరే ఆగిపోవాల్సింది.

మళ్ళీ దర్జీని చూసేసరికి వానలు వెనకబట్టాయి. ఆటోలో వచ్చాడు. మెడలో టేపు లేదు. దుప్పట్లో చుట్టిన బరువేదో దింపుతుంటే, అది ఏ రాయో చూడగానే నాకు తెలిసిపోయింది.

"ఇల్లు అమ్మేశామక్కా. బీరువా తీస్తే ఇది బయటపడింది. అక్కడ వదిలి రాలేను. కొత్తగా దిగిన గదిలో పెట్టుకోలేను. మీ దగ్గరైతే రాళ్ళలో రాయిగా ఉంటుందని తెచ్చాను."

"ఆమె ఏది?"

అతను దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టాడు. "మీరు చెప్పి వెళ్ళిన సాయంత్రం నడిచానక్కా. తను చూస్తుండగా, రెండు పాదాలూ దానిమీద పెట్టి నిలబడ్డాను. నా మనసులో ఏం లేదు, నువ్వు తప్పు చెయ్యలేదు, అని చెబుదామనే నిలబడ్డాను. నోటితో చెప్పాలని తోచలేదు. తను నా కాళ్ళకేసి చూసి, 'అంత తేలికైపోయిందా నీకు?' అంది. అంతే. ఏడవలేదు కూడా. పొద్దున్నే వాళ్ళన్నయ్య వచ్చాడు."

తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఆ రాయి చుట్టూ తిరిగారు. ఆ తిరగడమైనా కలిసి తిరిగారు. నేను పోయి దాన్ని కూడా చెడగొట్టాను.

"తర్వాత వెళ్ళి చెప్పావా, ఎందుకు నిలబడ్డావో?"

"చెప్పాను. విన్నది. 'సరే' అంది. రానంది." దుప్పటిని ఇంకో మడత పెట్టాడు. "కొనుక్కున్నవాళ్ళకి ఇద్దరు పిల్లలు. తాళం ఇచ్చిన రోజే హాలంతా పరిగెత్తారు. మనం మార్చిన రాయిమీద కూడా. మీరన్నట్టు ఏడాదికి కలిసిపోతుందంటారా?"

"ఇంకా ముందే కలుస్తుంది," అన్నాను. "వాళ్ళకి తెలియదు కదా."

అతను తలాడించి, దుప్పటి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. రాయిని నేనే మోసి, అన్నిటికంటే వెనక వరసలో, మచ్చ గోడవైపు తిప్పి పెట్టాను.

ఎంత వెనక పెట్టినా నా కొట్లో తిరగేసి చూసేవాళ్ళు ఉంటారు. మొన్న ఒక యువజంట వచ్చింది, కొత్త ఇల్లు, కళ్ళనిండా సంబరం. వాళ్ళకి పాఠమంతా చెప్పాను, తడిరంగు, పొడిరంగు, వరసలు కలపడం. ఆ అమ్మాయి వింటూనే వరసల చివరికంటా వెళ్ళింది. అక్కడినుంచి కేక వేసింది.

"ఆంటీ, ఇది చాలా బాగుంది! మేఘాల్లా ఉంది. చూడండి, ఈ గుండ్రాలు ఎంత బాగున్నాయో. ఇలాంటివి హాలంతా వస్తాయా?"

గోడవైపు ఉన్నదాన్ని వెలుగులోకి తిప్పి పట్టుకుంది. చూపుడువేలితో ఆ గుండ్రాల వెంట రాస్తోంది. వేలు చిన్న గుండ్రాల దగ్గర, లోతుగా ఉన్నచోట, ఆగింది.

"రావమ్మా. అది ఒక్కటే."

"మీరే అన్నారుగా ఆంటీ, ఏ రెండు రాళ్ళూ ఒకేలా ఉండవని. ఇది సహజంగా వచ్చిన రంగేనా?"

ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్నకి నా దగ్గర ఒకటే జవాబు, భూమిలోంచి వచ్చిన రంగేనని. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ రోజు అది నోట్లోంచి రాలేదు.

"కాదమ్మా," అన్నాను. "ఒకావిడ రుద్దితే వచ్చింది."

"అబ్బ, ఎంత ఓపికో!" అంది ఆ అమ్మాయి మెచ్చుకోలుగా. "దేనితో రుద్దారు? మావి కూడా ఆవిడ చేసిపెడతారేమో అడుగుతారా?"

నేను ఆ అమ్మాయిని కసరలేదు. దగ్గరికి వెళ్ళి రాయిని ఆమె చేతుల్లోంచి జాగ్రత్తగా తీసుకుని, మళ్ళీ గోడవైపు తిప్పి పెట్టాను.